మావయ్యగారి పదమూడు ముక్కలు

మరచిపోయానని చెప్పేవాళ్ళను నమ్మకపోవడం నా ఉద్యోగం. విశ్వవిద్యాలయంలో ఎకనామిక్స్ చెబుతాను కానీ నా పరిశోధన ధరల మీదా పన్నుల మీదా కాదు. మనిషి తనకు తెలిసిన సంగతిని ఎప్పుడు బయటపెడతాడు, ఎప్పుడు కడుపులో దాచుకుంటాడు, ఎప్పుడు గుర్తులేదని తప్పించుకుంటాడు అన్నదే నా విషయం. ఇదీ ఒక పరిశోధనేనా అని మా ఇంట్లోవాళ్ళే నవ్వుతారు. మా ఆయన పోర్టులో ఒక షిప్పింగు ఆఫీసులో పనిచేస్తాడు. సాయంత్రం పెరుగు తేవడం మరచిపోయి వచ్చిన రోజున గుమ్మంలోనే నిలబడి, ‘ఇది నిజం మరపే, కావాలంటే పరీక్షించుకో’ అంటాడు.

పరీక్షించడానికి నా దగ్గర ఒక కొలత ఉంది. పెద్ద సిద్ధాంతమేమీ కాదు, ఏళ్ళ తరబడి మనుషుల్ని ప్రశ్నలు వేసి వేసి పట్టుకున్నది. నిజంగా మరచిపోయినవాడు వెతుక్కుంటాడు. కళ్ళు పైకెత్తుతాడు, గొణుక్కుంటాడు, సగం పేరు చెబుతాడు, దొరక్కపోతే దగ్గర్లో ఉన్నదేదో తెచ్చి అతికిస్తాడు. నటించేవాడికి ఆ అవస్థ లేదు. వాడి దగ్గర సరుకు భద్రంగా ఉంది, పైన గుడ్డ కప్పాడంతే. అందుకే అడిగీ అడగ్గానే గుర్తులేదనేస్తాడు. హాజరు తక్కువైన పిల్లల దగ్గర్నుంచి, మీటింగులో తామే ఒప్పుకున్న పనిని మరుసటి వారానికి మరచిపోయే మా సహోద్యోగుల దాకా ఈ కొలత నాకు ఎప్పుడూ తప్పలేదు. దాన్ని చూసుకుని నాకు కొంచెం పొగరు కూడా ఉండేది.

ఆ పొగరుతోనే మా మావయ్యగారి జోలికి వెళ్ళాను.

మావయ్యగారు, అంటే మా ఆయన తండ్రి, స్టీలు కర్మాగారంలో క్రేన్ నడిపి రిటైరయ్యారు. అత్తయ్యగారు పోయిన తర్వాత గాజువాకలో మా ఫ్లాటులోనే ఉంటున్నారు. పొద్దున్నే బాల్కనీ గ్రిల్లు మీద పడ్డ నల్లదుమ్మును తడిగుడ్డతో తుడుస్తారు. అది సాయంత్రానికి మళ్ళీ పడుతుందని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. తర్వాత పేపరు, భోజనం, కునుకు. ఇవన్నీ సాయంత్రం దాకా కాలక్షేపానికి చేసేవే. ఆయన రోజు సాయంత్రం మొదలయ్యేది, మా బిల్డింగు కింద పార్కింగులో, మెట్ల పక్కన.

అక్కడ నలుగురు పెద్దవాళ్ళు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని పదమూడు ముక్కలాట ఆడేవారు. డబ్బులు పెట్టరు. ఎప్పుడో ఎవరింట్లోనో కోడలు గొడవ చేసిందని చింతపిక్కలు పెట్టుకుని ఆడటం మొదలుపెట్టారు. ఆ కోడలు నేను కాదు, కానీ బిల్డింగులో చాలామంది నేనే అనుకుంటారు, నా మొహం అలాంటిది. నలుగురిలో ఒకాయన రిటైరైన బస్సు కండక్టరు, నోరు ఊరుకోదు. ఇంకొకాయన పాత పట్నంలో తాళాల కొట్టు నడిపి, ఇప్పుడు కూతురి దగ్గరుంటున్న సాయిబుగారు. నాలుగో ఆయన మావయ్యగారితో పాటే కర్మాగారంలో పనిచేశారు. మావయ్యగారు పైన క్రేన్ క్యాబిన్‌లో ఉంటే, కింద నిలబడి బరువు ఎత్తమనీ దింపమనీ చేతులతో సైగలు చేసేది ఆయనే. ఇంట్లో అందరం ఆయన్ని సిగ్నలాయన అంటాం. నలుగురూ ఒకరినొకరు ‘బావా’ అని పిలుచుకుంటారు. సాయిబుగారు కూడా బావే.

మావయ్యగారి మరపు చిన్నగా మొదలైంది. మాత్రలు వేసుకున్నారో లేదో తెలియదు. కుళాయి తిప్పి వదిలేస్తారు. అడిగిందే అడుగుతారు. నేను నమ్మలేదు. ఎందుకంటే, కూరలో ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పిన సంగతి మరచిపోయేవారు కానీ ఆవకాయ జాడీ నేను ఏ అరలో దాచినా మరచిపోయేవారు కాదు. పైగా ప్రతి సాయంత్రం ఆటలో గెలిచి వచ్చేవారు. చొక్కా జేబు నిండా చింతపిక్కలు. మెట్లెక్కి వస్తుంటే అవి గలగలమనేవి. రమ్మీ ఆడేవాడికి ఎవరు ఏ ముక్క వేశారో, ఏది ఎత్తుకున్నారో గుర్తుండాలి. అది గుర్తున్న మనిషికి మాత్రలు గుర్తుండవా? తనకి ఇష్టం లేనివే ఏరి మరచిపోతున్నారని నేను తేల్చేసుకున్నాను. మా ఆయనతో కూడా అన్నాను. ‘మా నాన్న మీద కూడా పరిశోధన పేపరు రాసేస్తావా ఏంటి’ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, కానీ తర్వాత నాతో ఆ విషయం ఎత్తలేదు.

ఒకరోజు పొద్దున్న కావాలనే పరీక్ష పెట్టాను. ఆయన మేనకోడలి కూతురికి గురువారం సీమంతం అని చెప్పాను, ఆయన సంతోషించారు. సాయంత్రం, ఆయన కిందకి వెళ్ళబోయే ముందు, గురువారం ఏముందో గుర్తుందా అని అడిగాను.

ఆయన ఆగారు. కుడిచేతి వేళ్ళతో నుదురు రుద్దుకున్నారు. క్యాబిన్‌లో ఉన్నప్పుడు హెల్మెట్ పట్టీ ఒరుసుకున్న చోట అది, ఆయన ఎప్పుడు ఆలోచించినా వేళ్ళు అక్కడికే వెళ్తాయి. గురువారం అన్నారు, కాదు శుక్రవారం అన్నారు, ఎవరిదో పెళ్ళి అన్నారు, తగరపువలస వెళ్ళాలి కదా అన్నారు. తగరపువలస మా పుట్టింటివాళ్ళ ఊరు, దానికీ సీమంతానికీ సంబంధం లేదు. ఆయన గుర్తులేదని మాత్రం అనలేదు. ఆ మాట తప్ప దొరికినవన్నీ తెచ్చి నా ముందు పెట్టారు.

నా కొలత ప్రకారం అది నిజం మరపు. కానీ అదే సాయంత్రం ఆయన మళ్ళీ జేబు నిండా చింతపిక్కలతో పైకొచ్చారు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా కుదురుతాయి? ఆ క్షణంలో నాలో కోడలు లేచి ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి ఉండాల్సింది. లేచింది ప్రొఫెసరు.

మర్నాడు చిక్కుడుకాయల పళ్ళెం పట్టుకుని కిందకి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. పైన కరెంటు పోయిందన్నాను. ఎవరూ పట్టించుకోలేదు. నేను కూర్చున్న చోటునుంచి సాయిబుగారి ముక్కలు పూర్తిగా, సిగ్నలాయనవి సగం కనిపిస్తాయి. మావయ్యగారివైతే వెతకక్కర్లేదు. ఒకప్పుడు ముక్కలు గుండెకి ఆనించి పట్టుకునే మనిషి, ఇప్పుడు పేపరు చదివినట్టు అందరికీ కనబడేలా పట్టుకుంటున్నారు.

ఆట తెలియనివాళ్ళకి ఒక్క మాట చెప్పాలి. మీకు ముందు ఆడే మనిషి పారేసిన ముక్క మీకు పనికొస్తే ఎత్తుకోవచ్చు. అందుకని బుద్ధున్నవాడెవడూ పక్కవాడికి పనికొచ్చే ముక్క వేయడు. ముక్కలన్నీ వరసగా కుదిరినవాడు షో చెబితే ఆట అయిపోతుంది, వాడు గెలిచినట్టు.

మావయ్యగారికి ముందు ఆడేది సిగ్నలాయన. ఆయన తన చేతిలో చక్కగా కుదిరిన వరసను చెడగొట్టి, అందులోంచి ఆటీన్ తొమ్మిది తీసి మావయ్యగారి ముందు వేశారు. మావయ్యగారు దాన్ని చూసి కూడా చూడనట్టు పైనుంచి వేరే ముక్క తీశారు. సిగ్నలాయన మళ్ళీ తన వంతు వచ్చేదాకా ఆగి ఆటీన్ పది వేశారు. ఈసారి మావయ్యగారు ఎత్తుకున్నారు. ఈలోపు సాయిబుగారికి షో వచ్చేసింది. నేను స్పష్టంగా చూశాను. ఆయన దాన్ని కాసేపు చూసుకుని, మంచి ముక్కొకటి తీసి పారేశారు. కండక్టరు గారు అసలు ఆడటమే లేదు, మాటలతో హడావుడి చేస్తున్నారు. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చాలాసేపటికి మావయ్యగారు షో చెప్పారు.

కండక్టరు గారు నెత్తి కొట్టుకుని, ‘బావ ఈయాల కూడా మనల్ని ఉతికీసినాడు’ అన్నారు.

మావయ్యగారు నవ్వారు. అత్తయ్యగారు పోయాక ఆయన అలా నవ్వేది అక్కడొక్కచోటే. ఆ నవ్వు చూశాక నేను నోరు మూసుకుని పైకి రావాలి. మూసుకునే వచ్చాను, కొన్నాళ్ళు మూసుకునే ఉన్నాను. కానీ ఆ రోజు నాకు కలిగింది జాలి కాదు, ఉత్సాహం. మాట్లాడుకోకుండా, ఒప్పందం లేకుండా, ముగ్గురు ఆటగాళ్ళు ఓడిపోవడానికి పోటీపడుతున్నారు! ఇలాంటి ఉదాహరణ ఏ పుస్తకంలోనూ దొరకదు. చిక్కుడుకాయలు సగం ఒలవకుండానే పైకొచ్చి, మర్నాటి క్లాసుకి దాన్ని పాఠంగా మార్చుకున్నాను.

క్లాసులో ఊరూ పేరూ లేకుండా చెప్పాను. సమాచారం విలువ అన్నది ఆ రోజు పాఠం. ఒంటరిగా నిర్ణయం తీసుకునే మనిషికి ఎంత సమాచారం ఇచ్చినా నష్టం లేదు, అక్కర్లేకపోతే పక్కన పడేస్తాడు. కానీ నలుగురితో ఆటలో ఉన్న మనిషి సంగతి వేరు. వాడికొక సంగతి తెలిస్తే, తెలిసిందని మిగతావాళ్ళకి తెలిస్తే, ఎవరి ఎత్తు వాళ్ళు మార్చుకుంటారు, చివరికి అందరూ నష్టపోవచ్చు. ముందు బెంచీలో ఒక అమ్మాయి, ‘మేడమ్, ఆ పెద్దాయనకి తెలిసిపోతే ఏమవుతుంది?’ అని అడిగింది. ఆట ఆగిపోతుందని చెప్పాను. బోర్డు మీద గీసి మరీ చూపించాను. పిల్లలు నవ్వారు, నేనూ నవ్వాను.

అంత బాగా తెలిసినదాన్ని.

తర్వాత కొద్ది రోజులకి మావయ్యగారు తప్పిపోయారు. కళ్ళజోడు బాగు చేయించుకుంటానని ద్వారకా నగర్ బయల్దేరారు. అది ఆయన వెయ్యిసార్లు వెళ్ళిన దారి. ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర దిగాల్సినవారు దిగలేదో, దిగి ఇంకో బస్సెక్కారో ఇప్పటికీ తెలియదు. మధ్యాహ్నం తగరపువలస నుంచి టీ కొట్టు ఆయనెవరో మా ఆయనకి ఫోన్ చేశాడు. పెద్దాయన బెంచీ మీద కూర్చుని, కోడలి పుట్టింటికి వచ్చాననీ, ఇల్లు కనపడటం లేదనీ చెబుతున్నారట. మా పుట్టింటివాళ్ళు ఆ ఇల్లు అమ్మేసి ఎప్పుడో వెళ్ళిపోయారు. మా ఆయన ఆఫీసు నుంచి అటే వెళ్ళి తీసుకొచ్చాడు. తీసుకొచ్చినప్పుడు మావయ్యగారు మామూలుగానే ఉన్నారు. కళ్ళజోడు మాత్రం జేబులో విరిగినట్టే ఉంది.

మర్నాడు పొద్దున్న ఆయన బాల్కనీలో గ్రిల్లు తుడుస్తున్నారు. మా ఆయన డ్యూటీకి వెళ్ళిపోయాడు. నేను వెళ్ళి నరాల డాక్టరు దగ్గరికి వెళ్దామన్నాను. వద్దన్నారు. బతిమాలాను, వద్దన్నారు. నాకు రాత్రంతా నిద్ర లేదు, క్లాసుకి టైమవుతోంది, ఇక సహనం చచ్చిపోయింది. గొంతు పెంచాను. ఆయన తుడవడం ఆపి నావైపు తిరిగారు.

‘నాకేటయ్యిందమ్మా? బస్సు బోర్డు సరిగ్గా సూడనేదు, అంతే. బుర్ర సెడిపోయినోడు పేకాడగల్డేటి? సాయంత్రం కిందకొచ్చి సూడు. నన్నొక్కడూ గెలవనేకపోతన్నాడు.’

‘గెలవలేక కాదు మావయ్యగారూ,’ అన్నాను. ‘వాళ్ళు మిమ్మల్ని గెలిపిస్తున్నారు.’

అక్కడితో ఆగినా సరిపోయేది. ఆగలేదు. రుజువులు చెప్పాను. సాయిబుగారికి షో వచ్చి కూడా చెప్పలేదన్నాను. కండక్టరు గారి అరుపులన్నీ ఉత్తవేనన్నాను. ఆటీన్ తొమ్మిది ఎందుకు పడిందో, తర్వాత పది ఎందుకు పడిందో, క్లాసులో చెప్పినంత వివరంగా చెప్పాను. ఆయన వింటున్నంతసేపూ నుదురు రుద్దుకోలేదు. చెప్పడం అయిపోయాక ఒక్కటే అడిగారు.

‘ఆడు కూడానా?’

ఎవరని నేను అడగలేదు. సిగ్నలాయన గురించేనని తెలుసు. లేదు, ఆయన తప్ప మిగతావాళ్ళే అని ఒక్క అబద్ధం చెప్పి ఉంటే సగమైనా మిగిలేది. అబద్ధాల మీద ఇన్నేళ్ళు పనిచేసినదాన్ని, అవసరమైన చోట ఒక్కటి నోటికి రాలేదు.

‘అవునండి. ఎక్కువగా ఆయనే,’ అన్నాను.

ఆయన మళ్ళీ అటు తిరిగి గ్రిల్లు చివరిదాకా తుడిచారు. గుడ్డ పిండి తీగ మీద ఆరేశారు. తర్వాత, డాక్టరు దగ్గరకి ఎప్పుడు వెళ్దామని అడిగారు. నేను గెలిచాను.

ఆయన మంచికే చెప్పానని తర్వాత నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అందులో అబద్ధం లేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన మనిషే. కానీ ఆ పొద్దున్న నా గొంతులో ఉన్నది అదొక్కటే కాదు. ఆయన పేకాటను చూపించి నా మాట కొట్టిపారేస్తుంటే, దాన్ని ఆయన చేతిలోంచి లాక్కోవాలని కూడా అనిపించింది. ఎంత ఆయన మంచి కోసం, ఎంత నా పంతం కోసం అన్నది ఇప్పటికీ తేల్చుకోలేను. తేల్చుకోవాలని కూడా లేదు, తేలితే ఏం తేలుతుందోనని భయం.

ఆ సాయంత్రం ఆయన మామూలుగానే కిందకి వెళ్ళారు. నేను యూనివర్సిటీ నుంచి వచ్చి, స్కూటీ స్టాండు వేసి, సీటు కింద ఏదో వెతుకుతున్నట్టు అక్కడే నిలబడిపోయాను. ఆట నడుస్తోంది. చాలాసేపు నడిచింది. పేక కట్ట అయిపోతే పారేసిన ముక్కలు బోర్లించి మళ్ళీ మొదలుపెట్టారు. సిగ్నలాయన ముక్క వేస్తున్నారు, మావయ్యగారు ఎత్తుకుంటున్నారు, ఎవరూ షో చెప్పడం లేదు. కండక్టరు గారికి కూడా మాటలు అయిపోయాయి. సాయిబుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

మావయ్యగారు అప్పుడు తన ముక్కలు స్టూలు మీద వెల్లకిలా పరిచారు. ఒక్కొక్క వరసే విడిగా, శుభ్రంగా. అన్నీ కుదిరి ఉన్నాయి. ఎప్పుడో కుదిరి ఉంటాయి. వాళ్ళు ఇన్నాళ్ళూ ఆయనకి చేసినదే ఆయన వాళ్ళకి చేశారు, షో చేతిలో పట్టుకుని కూర్చున్నారు. ముగ్గురూ ఆ ముక్కలు చూశారు. ఎవరూ తలెత్తలేదు. మావయ్యగారు తన ముందున్న చింతపిక్కలు రెండు చేతులతో స్టూలు మధ్యకి తోసి, చీకటి పడుతోందనీ, వెళ్తాననీ చెప్పి లేచారు. చీకటి పడటానికి ఇంకా చాలా టైముంది.

నా పక్కనుంచే మెట్లెక్కారు. జేబు చప్పుడు చేయలేదు.

ఆ తర్వాత ఆయన కిందకి వెళ్ళలేదు. డాక్టరు దగ్గరికి వచ్చారు, చెప్పిన పరీక్షలన్నీ చేయించుకున్నారు, మాత్రలు ఇస్తే మారు మాట్లాడకుండా మింగుతున్నారు. డాక్టరు మంచివాడు. ఇది పూర్తిగా ఆగదనీ, నెమ్మదించేలా చూద్దామనీ చెప్పి, పెద్దాయన్ని ఒంటరిగా కూర్చోనివ్వకండి, స్నేహితులుంటే కలవనివ్వండి, పేకాట లాంటివి వస్తే మరీ మంచిది, ఆడించండి అన్నాడు. మా ఆయన సంతోషంగా, రోజూ ఆడతారండి అన్నాడు. నేను డాక్టరు టేబుల్ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను. ఇంటికొచ్చాక మా ఆయనకి జరిగింది చెప్పాను. అతను నన్ను తిట్టలేదు. ‘నువ్వు చెప్పకుండా ఉండాల్సింది’ అన్నాడు. ఇప్పటికీ అంతకు మించి అనలేదు.

వారం తిరక్కుండా సిగ్నలాయన పైకొచ్చారు. చేతిలో పనసతొనల ప్యాకెట్టు. మావయ్యగారు పడుకుని ఉన్నారు, నిజంగా పడుకున్నారో లేదో నాకు తెలియదు. ఆయన కుర్చీ అంచున కూర్చుని, గొంతు తగ్గించి మాట్లాడారు.

‘బావ మీద క్యాబిన్‌లో ఉంటే నాను కిందుండేవోణ్ణమ్మా. పైనున్నోడికి కింద ఏటుందో కనపడదు. నా సెయ్యి సూసే బరువు దించీవోడు. ఒక్కనాడూ నన్ను అనుమానించనేదు.’ పనసతొనల ప్యాకెట్టు ఒళ్ళో సర్దుకున్నారు. ‘నానే ఎక్కడో తొందరపడిపోనాను. అన్నీ వరసగా ఏసీసినాను. దాంతోనే బావకి తెలిసిపోనాది. తప్పు నాదేనమ్మా.’

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తప్పు మీది కాదు, చెప్పింది నేను అని అనడానికి ఒక్క నిమిషం చాలు. నోరు తెరిచాను కూడా. ‘అదేం లేదండీ, మాత్రల వల్ల నీరసంగా ఉంటున్నారు’ అన్న మాట బయటికి వచ్చింది. ఆయన తలాడించి, పనసతొనలు టీపాయి మీద పెట్టి వెళ్ళిపోయారు. ఆ అబద్ధం మాత్రం ఎంత త్వరగా వచ్చిందో, ఎక్కడా తడుముకోలేదు.

ఇప్పటికీ ఆయనకి చెప్పలేదు. రోజూ సాయంత్రం స్కూటీ పెట్టేటప్పుడు ముగ్గురూ కనిపిస్తారు. ముగ్గురితో కూడా ఆడుకోవచ్చు కానీ ఆడటం లేదు, ఊరికే కూర్చుంటున్నారు. నాలుగో కుర్చీ కూడా వేసే ఉంచుతున్నారు, దాని మీద పేక డబ్బా పెట్టి. సిగ్నలాయన నన్ను చూడగానే, బావ ఎలాగున్నాడమ్మా అని అడుగుతారు. బాగున్నారని చెప్పి మెట్లెక్కేస్తాను. ఈమధ్య వెనక గేటు నుంచి వస్తున్నాను.

క్లాసులో ఆ ఉదాహరణ చెప్పడం మానేశాను. రాయడం మొదలుపెట్టిన వ్యాసం కూడా పక్కన పెట్టాను. దానివల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదని తెలుసు. కనీసం దాన్ని నా పేరుతో అచ్చు వేసుకోకుండా ఉన్నానన్న తృప్తి కోసం చేసిన పని అది, అంతకంటే గొప్పదేమీ కాదు.

మావయ్యగారి మరపు మాత్రం దాని దారిన అది నడుస్తోంది. ఒక్కోసారి నన్ను చూసి మా ఆడపడుచు అనుకుంటారు. మధ్యాహ్నం ఏం తిన్నారంటే నుదురు రుద్దుకుని, ఆనపకాయ అంటారు, కాదు సేపలు అంటారు, మూడేళ్ళ కిందటి పెళ్ళి భోజనం గురించి చెబుతారు. ఏదో ఒకటి చెబుతారు. ఇన్ని నెలల్లో ఆయన నోట గుర్తులేదన్న మాట ఒక్కసారి కూడా వినలేదు. ఆ మాట ఒప్పుకుంటే అక్కడితో అయిపోతుందన్నట్టు, దాని చుట్టూ తిరిగి తిరిగి వెళ్తారు. మా ఆయనకి అది చూస్తే బాధ. నాకు మాత్రం, చెప్పడానికి సిగ్గుగా ఉంది, అందులో ఒక ఆశ కనిపించేది. ఇవన్నీ పోతున్నాయి కదా, ఆ పొద్దున్న నేను బాల్కనీలో అన్న మాటలు కూడా ఈపాటికి పోయి ఉంటాయి. అవి పోతే, మెల్లగా చెయ్యి పట్టుకుని కిందకి తీసుకెళ్ళి ఆ కుర్చీలో కూర్చోబెట్టవచ్చు. మళ్ళీ మొదటినుంచీ ఆడుకుంటారు. ఆయన మరపు మీద నేను ఆశ పెట్టుకున్నాను.

మొన్న ఆదివారం ఆ ధైర్యంతోనే అడిగాను. ఆయన గ్రిల్లు తుడవడం అయిపోయి, బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నేను పక్కనే పీట మీద కూర్చున్నాను. మొదట, పొద్దున్న టిఫిన్ ఏం తిన్నారని అడిగాను. వేళ్ళు నుదుటి మీదికి వెళ్ళాయి. ఇడ్లీ అన్నారు, కాదేమో అన్నారు, మీ అత్త పెట్టింది అన్నారు. మేము తిన్నది ఉప్మా. ఫర్వాలేదని చెయ్యి మీద చెయ్యి వేశాను. కింద పార్కింగులోంచి, పొద్దున్నే ఎవరితోనో మాట్లాడుతున్న కండక్టరు గారి గొంతు వినిపిస్తోంది. ఇక ఆగలేకపోయాను.

‘మావయ్యగారూ, ఒకరోజు ఇక్కడే నేను మీకు మీ పేకాట గురించి ఒక మాట చెప్పాను. గుర్తుందా?’

ఆయన నావైపు చూశారు. నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు, కళ్ళు మాత్రం మండుతున్నాయి.

‘గుర్తునేదమ్మా,’ అన్నారు.

నేను ఇంకా అడగడం పూర్తికాకుండానే అన్నట్టు, వెంటనే అన్నారు. చేతులు ఒళ్ళోనే ఉన్నాయి, వేళ్ళు నుదుటి మీదికి వెళ్ళలేదు. ఆయన వెతుక్కోలేదు.